స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో పక్షాన్ని కూటమి అనవచ్చా?

ప్రశ్న:
1936 జులైలో స్పెయిన్ రిపబ్లిక్‌పై తిరగబడిన జనరల్ ఫ్రాంకో తదితర సైన్యాధికారుల వెంట ఫాసిస్టు ఫలాంజ్, రాజవంశంలోని మరో శాఖకు సింహాసనం దక్కాలని వందేళ్లుగా పట్టుబడుతున్న కార్లిస్టులు, దేశం విడిచిన రాజు ఆల్ఫాన్సో అనుచరులు, కేథలిక్ పార్టీవారు నడిచారు. ఒకరంటే ఒకరికి పొసగని ఈ వర్గాలు ఐక్యత వల్లే గెలిచాయనీ, 1937 మేలో బార్సిలోనా వీధుల్లో తమలో తాము కాల్చుకున్న రిపబ్లిక్ పక్షం అందుకే ఓడిందనీ అంటారు. ఈ అంచనా సరైనదేనా?

మొదటి సమాధానం:
కూటమి అన్నాక బేరసారాలు ఉండాలి, కాదనే హక్కు ఉండాలి. అక్కడ ఆ రెండూ లేవు. 1937 ఏప్రిల్ 19న ఫ్రాంకో ఒక్క ఉత్తర్వుతో ఫలాంజ్‌నూ కార్లిస్టులనూ ఒకే పార్టీగా కలిపేసి, దానికి తానే అధినేత అయ్యాడు. ఫలాంజ్ వారి నీలి చొక్కా, కార్లిస్టుల ఎర్ర టోపీ కలిసి కొత్త పార్టీ దుస్తులయ్యాయి. ఒకరి టోపీ మరొకరి నెత్తిన పెట్టినంత మాత్రాన మనసులు కలుస్తాయా? ఆ ఏర్పాటుకు తలవంచని ఫలాంజ్ నాయకుడు ఎదిల్యాకు మరణశిక్ష విధించి, ఆ తర్వాత తగ్గించారు. అంతకు ముందే, 1936 డిసెంబరులో, తమవారికి విడిగా సైనిక అకాడమీ పెట్టబోయిన కార్లిస్టు నేత ఫాల్ కొందే పోర్చుగల్‌కు ప్రవాసం వెళ్లవలసి వచ్చింది.

రెండో సమాధానం:
మీరు చెప్పిన ఘటనలు నిజమే కానీ, ఉత్తర్వులతో నాయకులను లొంగదీయవచ్చు గాని, ఉత్తర స్పెయిన్‌లోని నవార్ పల్లెల నుంచి స్వచ్ఛందంగా తరలివచ్చిన వేలాది కార్లిస్టు యువకులను మూడేళ్లు యుద్ధరంగంలో నిలపలేరు. రిపబ్లిక్ ప్రాంతంలో చర్చిలు తగలబడ్డాయి, దాదాపు 7,000 మంది మతాధికారులు, సన్యాసినులు హతులయ్యారు. మతం పోతుందన్న భయం, భూమి పోతుందన్న భయం ఈ వర్గాలన్నిటినీ నిజంగానే ఒక్కచోట చేర్చాయి. దీన్ని పక్కనపెడితే మీ వాదన సగమే.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
భయం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, నేను దాన్ని తక్కువ చేసి చూశాను. అయితే ఆ భయం అందరిదీ అయినప్పుడు, అధికారం ఒక్కడి చేతికే ఎలా చేరింది? తిరుగుబాటుకు అధినేత కావలసిన సాన్హుర్హో 1936 జులై 20న విమాన ప్రమాదంలో పోయాడు. ఫలాంజ్ స్థాపకుడు హోసే ఆంటోనియోను నవంబరులో రిపబ్లిక్ కాల్చి చంపింది. ఉత్తరాన తిరుగుబాటు సేనలను నడిపిన జనరల్ మోలా కూడా 1937 జూన్‌లో విమాన ప్రమాదంలోనే మరణించాడు. మొరాకోలో ఉన్న ఆఫ్రికా సైన్యం మొదటినుంచీ ఫ్రాంకోదే, దాన్ని జిబ్రాల్టర్ జలసంధి దాటించి స్పెయిన్ చేర్చిన జర్మన్, ఇటాలియన్ విమానాలు వచ్చిందీ అతని అభ్యర్థన మీదే. ఆయుధం ఎవరి ద్వారా అందుతుందో వారి మాటే చెల్లుతుంది. ఇక ఐక్యత సంగతంటారా, యుద్ధం ముగిసి మూడేళ్లయినా, 1942 ఆగస్టులో బిల్బావోలో ప్రార్థన ముగించుకుని చర్చి బయటికి వస్తున్న కార్లిస్టులపై ఫలాంజ్ వారు గ్రెనేడ్ విసిరారు. విసిరినవాణ్ణి కాల్పించిన ఫ్రాంకో, మంత్రివర్గంలో ఇటు సైన్యం వైపు వరేలాను, అటు ఫలాంజ్ వైపు తన తోడల్లుడు సెరానో సున్యేర్‌ను ఒకేసారి తప్పించాడు.