‘నలోకంబగు’నా, ‘నాలోకంబగు’నా?

బ్రాడీపేట: మొన్న గుంటూరులో ఒక ప్రసంగానికి వెళ్లాను. విశ్వ వ్యాకోచానికి ఋణ ద్రవ్యరాశి (సున్నా కంటే తక్కువ ద్రవ్యరాశి, నెగటివ్ మాస్) కారణం కావచ్చంటూ వక్త పోతన గజేంద్రమోక్షణం కందం ఎత్తుకున్నారు. ‘తుది నాలోకంబగు పెంజీకటి’ అన్నట్టు వినిపించింది. ఆలోకమంటే వెలుగు కదా, వెలుగైన చీకటి ఏమిటి? పుస్తకం ఊళ్లో ఉండిపోయింది. ఇంతకూ ఋణ ద్రవ్యరాశిని పెంజీకటి అనవచ్చా?

పటమట: ‘నలోకంబగు’. పద్యం ఇదీ: ‘లోకంబులు లోకేశులు / లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్’. తుదిన్, అలోకంబు. రెండో పాదం మూడో గణం ‘నఁదుదిన’, నలం (నాలుగు లఘువులు). దీర్ఘమిస్తే ఐదు మాత్రలు, కందంలో గణానికి నాలుగే. అక్కడ జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో తప్ప కుదరదు. యతి ‘లో’కు ‘లో’. ఇక చర్చకు తావు లేదు.

కృష్ణలంక: అక్షరం తేలింది, అర్థం తేలలేదు. ‘లోక’ ధాతువుకు చూడటమే మూలార్థం. అలోకమంటే చూపుకు అందనిది. లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని ముమ్మారు తిప్పి, నాలుగోసారి ఒక్క అకారంతో అన్నిటినీ తుడిచేశాడు మహానుభావుడు!

పటమట: లోకాలు తెగాక మిగిలేది లోకం లేనిదే. ధాతువుల దాకా తవ్వితే ఏ మాటైనా ఏ అర్థమైనా ఇస్తుంది.

అరండల్‌పేట: భౌతికశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి, ఒక మాట అంటాను. వక్త తడబడింది దీర్ఘం దగ్గర కాదు, ఋణం దగ్గర. 1998లో సూపర్నోవాల (పేలిపోయే నక్షత్రాల) పరిశీలనతో వ్యాకోచ వేగం పెరుగుతోందని తెలిసింది. ఎక్కువమంది ఒప్పుకున్న వివరణలో ఆ వేగాన్ని పెంచే కృష్ణశక్తి (డార్క్ ఎనర్జీ) సాంద్రత ధనమే, ఋణమైనది పీడనం. ఋణ ద్రవ్యరాశి దారి వేరు. 2018లో ఆక్స్‌ఫర్డ్‌లో ఖగోళ భౌతికవేత్త జేమీ ఫార్న్స్ దాన్ని ప్రతిపాదించాడు. కానీ విశ్వం పెరిగేకొద్దీ ఆ ద్రవ్యం పలచబడాలి. అందుకని కొత్తది పుడుతూనే ఉంటుందని కలుపుకున్నాడు. నాకు అది మింగుడుపడలేదు. పైగా 1957లోనే భౌతికశాస్త్రవేత్త హెర్మన్ బాండీ చూపించిన చిక్కు ఉంది: సమానమైన ధన, ఋణ ద్రవ్యరాశులను పక్కపక్కన ఉంచితే ధనం పారిపోతుంది, ఋణం తరుముతుంది, రెండూ ఆగకుండా వేగం పుంజుకుంటాయి.

కృష్ణలంక: అప్పు ఆస్తిని తరమడమా! బ్రహ్మగుప్తుడు 628లో సంఖ్యలను ధనం, ఋణం అన్నప్పుడు ఈ పరుగు ఊహించి ఉండడు.

పటమట: ‘ఋణం’ అని రాసినందుకు ధన్యవాదాలు. పత్రికల్లో ‘రుణం’ చూసి కళ్లు కాయలు కాశాయి.

అరండల్‌పేట: పలికేది ‘రు’ అయినప్పుడు రాయడానికి అభ్యంతరమేమిటి?

పటమట: కృష్ణుణ్ణి ‘క్రుష్ణుడు’ అని రాస్తారా మరి?

బ్రాడీపేట: అయ్యా, నేను అడిగింది పెంజీకటి గురించి.

అరండల్‌పేట: ఋణ ద్రవ్యరాశి ఇంతవరకు ఎక్కడా కనబడలేదు. చూపుకు అందనిదే అలోకమైతే కృష్ణలంక గారి అర్థం సరిపోతుంది. లోకం లేనిదైతే సరిపోదు, లోకం ఇంకా ఉంది కదా.

కృష్ణలంక: చూశారా, పటమట గారూ!

పటమట: కొలతకు అందకపోవడం వేరు, చూపుకు అందకపోవడం వేరు. అది అలా ఉంచి, ‘ఏకాకృతి’ని ఏక, ఆకృతి అని విడదీస్తారా, ఏకాకితో ముడిపెడతారా? అది చెప్పండి ముందు.

కృష్ణలంక: దానికి వేరే దారం (థ్రెడ్) పెడతాను. రేపు.