సైకిల్, నడక, తెడ్డు, లిఫ్ట్: నాలుగూ కలిపి ఏడాది పైన తిరిగినవాళ్ళు ఉన్నారా?

నత్తగుల్ల:
ఏడాది, డబ్బూ వీసాలూ కలిసొస్తే ఇంకో ఆరు నెలలు, నెమ్మదిగా తిరుగుదామని ప్లాన్ వేస్తున్నా. యూరప్‌లో డాన్యూబ్ నది వెంట సైకిల్, మధ్యలో ఒక ముక్క కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నటి పడవ), కిందికి చేరాక బాల్కన్ కొండల్లో నడక, వీటికి అతుకులు పడాల్సిన చోట లిఫ్ట్ అడుక్కుంటూ. ఇవన్నీ విడివిడిగా పదిహేను రోజులో, నెలో చేసినవే. కలిపి ఎప్పుడూ చెయ్యలేదు.

నిన్న సామానంతా నేల మీద పరిచా. సైకిల్‌కి రెండు జతల ప్యానియర్లు (చక్రాల పక్కన తగిలించే సంచులు), నడకకి 50 లీటర్ల బ్యాగు, నీళ్ళకి లైఫ్ జాకెట్టు, నాలుగు ముక్కలుగా ఊడొచ్చే తెడ్డు, మూడు రకాల బూట్లు. వాటన్నిటి మీంచి దూకితే తప్ప మంచం దాకా వెళ్ళలేకపోయా. సైకిల్ మీదున్నన్నాళ్ళూ పెద్ద బ్యాగు దండగ, నడిచేటప్పుడు ప్యానియర్లు దండగ. ముందు మజిలీకి పార్శిల్ చేసుకుంటూ పోవాలా? పడవ కూడా కొనుక్కుని మొయ్యాలా? లేక ఇవన్నీ కలపడమే తిక్క పనా?

ఏటికెదురు:
తిక్క పని కాదు, మీరు నాలుగు ట్రిప్పుల సామాను ఒకేసారి పరిచారు, అంతే.

నేను మూడేళ్ళుగా ఇలాగే తిరుగుతున్నా, విరామాలతో. మొదటి ఏడాది నాదీ మీ కథే. పార్శిళ్ళు కూడా ప్రయత్నించా. ఒక డబ్బా కోసం ఒకే ఊళ్ళో పదకొండు రోజులు కూర్చున్నా, అది వచ్చేసరికి ఆ నది మీద సీజనే అయిపోయింది. అప్పట్నుంచీ ఒకటే పద్ధతి: టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, రెండు జతల బట్టలు, ఇవి మారవు. వాహనం మారుతుంది. తర్వాతి దశకి కావలసిన వాహనాన్ని ఈ దశలో మొయ్యను. సైకిల్ వాడిందే కొంటా, దశ అయిపోగానే అమ్మేస్తా. పడవ అద్దెకి.

దీనికి సామాను కాస్త తెలివిగా ఎంచుకోవాలి. ప్యానియర్లు మర్చిపోండి. 8, 13 లీటర్ల డ్రై బ్యాగులు (నీళ్ళు దూరని సంచులు) నాలుగైదు తీసుకోండి, ఇల్లంతా వాటిలోనే. సైకిల్‌కి క్యారియర్ మీదా ఫోర్క్‌కీ పట్టీలతో కట్టుకోవచ్చు, నడిచేటప్పుడు అవే పెద్ద బ్యాగులోకి పోతాయి. కయాక్ సంగతి మీకు తెలిసే ఉంటుంది, లోపల చోటు బాగానే ఉంటుంది గానీ మూత ఉన్న నోరు చిన్నది. పెద్ద బ్యాగు చచ్చినా దూరదు, చిన్న సంచులు ఒక్కోటీ జారిపోతాయి. ఖాళీ బ్యాగుని చుట్ట చుట్టి సైకిల్ మీద పైన పెట్టుకుంటే అది కూడా దండగ కాదు. పెడల్‌కి బిగిసే క్లిప్పుల బూట్లు వద్దు, మామూలు పెడళ్ళు, నడిచే బూట్లే.

టెంటు విషయంలో నేను దెబ్బ తిన్నా. బరువు తక్కువని ట్రెక్కింగ్ కర్రల మీద నిలబడే టెంటు కొన్నా. సైకిల్ మీద కర్రలు లేవు. నది ఒడ్డున అంతా గులకరాళ్ళు, మేకులు దిగవు. రాత్రి రెండింటికి గాలి లేచింది, ఒక చేత్తో తెడ్డుని స్తంభంలా పట్టుకుని, ఇంకో చేత్తో టెంటు అంచుని రాళ్ళ కింద దోపుతూ తెల్లారేదాకా కూర్చున్నా. దాని కాళ్ళ మీద అది నిలబడే టెంటు కొనండి, అరకిలో బరువెక్కినా సరే.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. రెండు నెలలు సైకిల్ తొక్కాక ఊపిరి బ్రహ్మాండంగా ఉంటుంది, అదే కొంప ముంచుతుంది. సైకిల్ మీద కాలికి అదురు ఉండదు కదా, మడమ నరాలూ మోకాలి చిప్పా బరువుతో కొండ దిగడానికి సిద్ధంగా ఉండవు. ఆయాసం రాదు కాబట్టి మొదటి రోజే పాతిక కిలోమీటర్లు నడిచేస్తాం, నాలుగో రోజుకి మెట్లు దిగలేం. వాహనం మారిన ప్రతిసారీ మొదటి వారం సగం దూరమే పెట్టుకోండి.

న్యూజిలాండ్‌లో తే అరారోవా అని దేశం పై కొస నుంచి కింది కొస దాకా 3,000 కి.మీ. పైబడిన బాట ఉంది, 2011లో తెరిచారు. మీరు అడిగేదానికి నాకు తెలిసినంతలో దగ్గరి నమూనా అదే. నడుస్తూ నడుస్తూ ఉండగా మధ్యలో బాట వాంగనూయి నదిలోకి దిగిపోతుంది, కనూ (పైన తెరిచి ఉండే తెడ్డు పడవ) అద్దెకి తీసుకుని తెడ్డు వెయ్యాలి. అద్దెకిచ్చేవాళ్ళు పెద్ద మూతల డ్రమ్ములిస్తారు, బ్యాగులోవి తీసి వాటిలో నింపుకోవడమే. దక్షిణ దీవిలో రకాయా, రంగితాతా నదులొచ్చినప్పుడు దాటొద్దనే చెబుతారు, అవి బాటలో భాగమే కాదు, చుట్టూ తిరిగి అవతలి ఒడ్డుకి చాలామంది లిఫ్ట్ మీదే పోతారు. ఎవరూ అక్కడికి సొంత పడవ మోసుకుని రారు.

గాలివాటం:
పై పోస్టుతో ఒప్పుకోను. ప్యాక్‌రాఫ్ట్ ఉంది కదా, గాలి ఊదుకుని వాడి, మడిచి బ్యాగులో పెట్టుకునే చిన్న పడవ. మూడు కిలోల చిల్లర. సైకిల్ చక్రాలు విప్పి రాఫ్ట్ ముందు భాగం మీద కట్టేసుకుని నదులు దాటేవాళ్ళు ఎంతమంది లేరు. జేసన్ లూయిస్ అని ఒకతను ఇంజను లేకుండా భూమి చుట్టొచ్చాడు, 1994లో లండన్ గ్రీనిచ్‌లో బయల్దేరి 2007లో అక్కడికే తిరిగొచ్చాడు, సైకిల్, స్కేట్లు, కయాక్, నడక, పెడల్ పడవ, అన్నీ వాడాడు. కలపొచ్చు.

ఏటికెదురు:
లూయిస్ కూడా సైకిల్ నెత్తిన పెట్టుకుని సముద్రం దాటలేదు బాసూ, దశని బట్టి మార్చుకున్నాడు, పైగా పదమూడేళ్ళు పట్టింది. మధ్యలో కారు గుద్ది రెండు కాళ్ళూ విరిగి నెలల తరబడి ఆగాడు. ప్యాక్‌రాఫ్ట్ మంచిదే, చిన్న నదికి, దాటడానికి. డాన్యూబ్ అంత వెడల్పు నీటి మీద ఎదురుగాలిలో వేసి చూడండి, ఒడ్డున నడిచేవాళ్ళు మిమ్మల్ని దాటి పోతారు.

నీటిరేవు:
నది ఎలా ఉంటుందన్నదీ, వీసా సంగతీ, ఈ రెండూ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతా.

డాన్యూబ్ పై భాగం, ముఖ్యంగా ఆస్ట్రియాలో, వరసగా జలవిద్యుత్ ఆనకట్టలు. ఆనకట్ట వెనక నీళ్ళు చెరువులా నిలబడిపోతాయి, ప్రవాహం సాయం ఉండదు, ప్రతి చోటా పడవ దించాలి, మోయాలి, ఎక్కించాలి. ఆ ముక్క సైకిల్ మీద పోండి, యూరోవెలో 6 అనే సైకిల్ బాట ఒడ్డునే ఉంటుంది, హాయి. స్లొవాకియాలో గాబ్చికోవో దాటాక మాత్రం నది విడుదలవుతుంది, అక్కణ్ణుంచి సెర్బియా, రుమేనియా మధ్య ఉన్న ఐరన్ గేట్స్ ఆనకట్ట దాకా అడ్డంగా ఇంకో ఆనకట్ట లేదు. తెడ్డు అక్కడ పట్టుకోండి. నది పొడుగునా కిలోమీటరు బోర్డులుంటాయి, సముద్రం దగ్గర సున్నా. బుడాపెస్ట్ 1647, బెల్‌గ్రేడ్ 1170. అంకెలు తగ్గుతూ ఉంటాయి, పొద్దున లేచాక ఆ బోర్డు కోసమే కళ్ళు వెతుకుతాయి. అయితే పెద్ద సరుకు బార్జీలు తిరుగుతాయి, దూరం నుంచి నిలబడినట్టే కనిపించి రెండు నిమిషాల్లో మీద పడతాయి, ఒడ్డు పక్కనే ఉండండి.

వేసవి మొదట్లో ఆల్ప్స్ మంచు కరిగి నీళ్ళు ఎక్కువ, చల్లన కూడా. చన్నీళ్ళలో పడితే ఒక లెక్క చెబుతారు, 1-10-1. మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత సుమారు పది నిమిషాలే చేతులు మాట వింటాయి, స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది. లైఫ్ జాకెట్టు డెక్ మీద కట్టుకుని పోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పది నిమిషాల్లో దాన్ని తొడుక్కునే చేతులు ఉండవు.

వీసా: షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే, మీ వీసా మీద ఇంకా తక్కువ రాసుంటే అంతే. పాత పోస్టులు చదివి రుమేనియా, బల్గేరియాల్లో రోజులు విడిగా లెక్కేసుకోకండి, 2025 జనవరి 1 నుంచి భూసరిహద్దులతో సహా అవీ అందులోనే. క్రొయేషియా 2023 నుంచే. సెర్బియా, బోస్నియా, మాంటెనెగ్రో, అల్బేనియా బయట. కాబట్టి మీ నడక ఆ కొండల్లో పడితే రోజుల లెక్క కూడా కలిసొస్తుంది. నది మీద వెళ్ళినా పాస్‌పోర్ట్ తనిఖీ తనిఖీయే, హంగరీ నుంచి సెర్బియా వైపు దిగేటప్పుడు మొహాచ్ దగ్గర ఒడ్డుకెళ్ళి తనిఖీ చేయించుకోవాలి. తొందర పడి దాటేయకండి.

దారిఅక్క:
లిఫ్ట్ గురించి నేను, ఎందుకంటే ఒంటరి ఆడదాన్ని, ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నా.

మోటార్‌వే మీద నిలబడటం చాలా దేశాల్లో నేరం, దానిలోకి ఎక్కే దారి మొదట్లోనో పెట్రోల్ బంకు బయటికొచ్చే దారిలోనో నిలబడాలి, బండి ఆపుకోవడానికి చోటు ఉండాలి. బంకులో అయితే నేనే వెళ్ళి అడుగుతా, మనిషిని ఎంచుకునేది నేనవుతా. ఎటు వెళ్ళాలో నేను ముందు చెప్పను, "మీరెటు" అని అడుగుతా. నచ్చకపోతే "అయ్యో నేను అటు కాదు" అని తప్పుకోవచ్చు. నంబర్ ప్లేట్ ఫొటో తీసి స్నేహితురాలికి పంపుతా, ఆయన చూస్తుండగానే. బ్యాగు ఒళ్ళో. డిక్కీలో పెట్టక తప్పకపోతే దిగేటప్పుడు నా తలుపు తెరిచే ఉంచి వెళ్ళి తీసుకుంటా.

సైకిల్‌తో లిఫ్ట్ దొరకడం కష్టం, అందుకే అమ్మేసి బయల్దేరమన్న మాట నిజం. తెడ్డుతో మాత్రం భలే సులువు. చేతిలో తెడ్డు పట్టుకుని రోడ్డు పక్కన, చుట్టూ చుక్క నీళ్ళు లేని చోట నిలబడితే జనం ఆపకుండా ఉండలేరు, ఎక్కించుకునేది సాయానికి కాదు, కథ కోసం.

నత్తగుల్ల:
నీటిరేవు గారూ, ఆనకట్టల సంగతి నాకు అసలు తట్టలేదు, వియెన్నా నుంచే కయాక్ అనుకున్నా. ఇప్పుడిలా మార్చా: గాబ్చికోవో దాకా సైకిల్, అక్కణ్ణుంచి బెల్‌గ్రేడ్ దాకా కయాక్, తర్వాత లిఫ్ట్ మీద మాంటెనెగ్రో, అక్కడ నడక. ప్యానియర్లు స్నేహితుడికి ఇచ్చేశా. తెడ్డు మాత్రం తీసుకెళ్తున్నా, దారిఅక్క మాట విన్నాక.

ఒక్క డౌట్. సైకిల్ దశ అయ్యాక కయాక్ ఎక్కేలోపు ఉండే రెండు మూడు రోజుల్లో సైకిల్ ఎవరూ కొనకపోతే?

ఏటికెదురు:
ఇచ్చేయండి. నేను ఒకసారి ఒక స్కూలు పిల్లాడికి ఇచ్చేశా, తాళంతో సహా. పంపు మాత్రం దాచుకున్నా, ఎందుకో నాకూ తెలీదు, ఇంకా బ్యాగులోనే ఉంది.