పక్కింటి పిల్లులు మన పెరటి మడులను పాడుచేస్తే బాధ్యత ఎవరిది?

పెరటి మడి (నల్లగొండ), చర్చ ప్రారంభం

పానగల్లు వైపు వెళ్లే దారిలో ఉన్న మా కాలనీలో, ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి స్థలంలో పుంటికూర, తోటకూర, పాలకూర, కొత్తిమీర మడులు కట్టుకొని ఇంటి అవసరానికి సరిపడా పండించుకుంటున్నాము. మాది ఎర్ర చల్క నేల. విత్తనం చల్లే ముందు మట్టిని మెత్తగా గుల్ల చేస్తాము కాబట్టి, పక్కింటివారు పాలు, అన్నం పెట్టి సాకుతున్న పిల్లులు రాత్రిపూట ప్రహరీ దూకి వచ్చి ఆ మడులలోనే గోకి, మలవిసర్జన చేసి, పైన మట్టి కప్పి వెళ్తున్నాయి. మొలకలు పెళ్లగిల్లిపోవడం ఒక నష్టమైతే, వట్టి చేతులతో కలుపు తీసే మట్టిలోనే ఆ మలం దాగి ఉండటం అంతకన్నా పెద్ద ఇబ్బంది. మా కోడలు ఇప్పుడు గర్భవతి. పిల్లి మలం వల్ల కడుపులోని బిడ్డకు హాని జరుగుతుందని ఎవరో చెప్పినప్పటి నుండి ఆమె మా పెరటి ఆకుకూరలను ముట్టడం లేదు.

పక్కింటి పెద్దమనిషితో మర్యాదగానే మాట్లాడాను. "కుక్కనంటే కట్టేస్తం, పిల్లిని ఎట్ల కట్టేస్తం? అది పోయే దారి మాకేం ఎరుక?" అని ఆయన నవ్వి ఊరుకున్నారు. వీధిలో కొందరు వాటిని గోనెసంచిలో వేసి మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గర వదిలి రమ్మంటున్నారు. ఒకరైతే అన్నంలో మందు కలపమనే వరకు వెళ్లారు. ఆ రెండూ నాకు సమ్మతం కావు. అయితే రోజూ తిండి పెట్టి దగ్గర చేసుకున్నవారికి ఆ జంతువు చేసే మలినం విషయంలో ఏ బాధ్యతా లేదనడం మాత్రం నాకు ఎంతమాత్రమూ న్యాయంగా తోచడం లేదు. చట్టం తెలిసినవారు, పశువైద్యం తెలిసినవారు, పిల్లులను పెంచుతున్నవారు తమ అభిప్రాయం చెప్పగలరు.

పాలమూరు గృహిణి

మీ బాధ అర్థమైంది కానీ, అవతలి పక్షం కూడా వినండి. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వెనుక గదిలో ఏడాది పొడుగునా వడ్లు, జొన్నలు, పల్లికాయ సంచులు ఉంటాయి. పంట ఇంటికి చేరిన నెలల్లో ఎలుకలు ఎక్కడి నుండి వస్తాయో తెలియదు, వాటి వెనుక పాములు వస్తాయి. మా పిల్లులు లేని రోజుల్లో సంచులు కొరికి పోసిన గింజలు ఊడ్చుకోవడమే పనిగా ఉండేది. ఆ ఎలుకలు మా ఒక్క ఇంటివి కావు, వాడలో అందరివీ. పిల్లుల వల్ల కలిగే మేలును చుట్టుపక్కలవారంతా పొందుతూ, చెడును మాత్రం పాలు పోసినవారి ఖాతాలో రాయడం సబబేనా?

ఇంకొక మాట. మీ మడిలో ఉన్నది పక్కింటి పిల్లులదేనని ఎలా చెప్పగలరు? ప్రతి కాలనీలోనూ ఎవరూ పెంచని గండుపిల్లులు తిరుగుతూనే ఉంటాయి. మూత లేని చెత్తకుప్ప, కోడిమాంసం దుకాణం ఉన్న చోట పాలు పోసేవారు లేకపోయినా పిల్లులు ఉంటాయి.

పెరటి మడి (నల్లగొండ)

అమ్మా, గండుపిల్లి వచ్చి ఉండదని నేను అనలేను. కానీ తెల్లవారుజామున నేను పెరట్లోకి వెళ్లేసరికి గోడ మీదుగా తిరిగి వెళ్లేవి ఎవరి వాకిట్లో దిగుతున్నాయో నా కళ్లతో చూస్తున్నాను. ఎలుకల విషయంలో మీరు చెప్పింది నిజమే. అయినా పాల గిన్నె వారి గచ్చు మీద, మలం మా మడిలో అనే ఈ పంపకాన్ని ఎలుకల పేరు చెప్పి సమర్థించలేము.

పశువైద్య పట్టభద్రుడు

ముందుగా గర్భిణి విషయం తేల్చుకుందాము, ఎందుకంటే ఇందులో భయం ఒకవైపు, నిర్లక్ష్యం మరొకవైపు హద్దు దాటుతుంటాయి.

వ్యాధికి కారణం టాక్సోప్లాస్మా గోండీ అనే ఏకకణ పరాన్నజీవి. అది తన జీవితచక్రంలో లైంగిక దశను పూర్తి చేసుకునేది పిల్లి జాతి జంతువుల పేగులలో మాత్రమే. అక్కడి నుండి ఊసిస్టులనే సూక్ష్మమైన కోశాలు మలంతో బయటపడతాయి. అయితే చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, సాధారణంగా ఒక పిల్లి ఆ కోశాలను విసర్జించేది మొదటిసారి ఆ జీవి సోకినప్పుడు, అదీ ఒకటి నుండి మూడు వారాల పాటు మాత్రమే. ఎలుకనో పిట్టనో పచ్చిమాంసాన్నో తిని సోకించుకునే లేత వయసు పిల్లులలోనే ఇది ఎక్కువ. కాబట్టి పిల్లి ఉన్న ప్రతి ఇల్లూ ప్రమాదకరం కాదు. అంతకుమించి, అప్పుడే వేసిన మలం వెంటనే సోకదు. ఆ కోశాలు బయటి గాలిలో పక్వమై సోకే స్థితికి రావడానికి ఒకటి నుండి ఐదు రోజులు పడుతుంది. అందుకే ఏ రోజు మలాన్ని ఆ రోజే తీసివేయమని చెబుతారు.

ఇక నిర్లక్ష్యం చేయరాని విషయం. పక్వమైన కోశాలు తేమగల నీడ నేలలో నెలల తరబడి, అనుకూలిస్తే ఏడాదికి పైగా కూడా బతికి ఉంటాయి. రోజూ నీరు పెట్టే ఆకుకూర మడి సరిగ్గా అలాంటి చోటే. మలం కంటికి కనిపించకుండా మట్టిలో కలిసిపోయిన తరువాత కూడా ప్రమాదం మిగిలి ఉంటుంది. గర్భం దాల్చిన తరువాత తల్లికి మొదటిసారిగా ఈ జీవి సోకితే బిడ్డ కళ్లకు, మెదడుకు హాని కలగవచ్చు, గర్భస్రావం కూడా జరగవచ్చు. అంతకుముందే ఎప్పుడో సోకి, ఒంట్లో రక్షణ ఏర్పడి ఉన్న ఆరోగ్యవంతురాలికి ఆ భయం చాలా తక్కువ. మీ కోడలుగారు పరీక్ష చేయించుకోవాలా వద్దా అనేది ఆమెను చూస్తున్న వైద్యురాలితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఈలోగా ఆమె మడి పనులు మానుకోవడం మంచిది. తప్పనప్పుడు చేతి తొడుగులు వేసుకొని, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆకుకూరను ధారగా పోసే నీటిలో బాగా కడిగి ఉడికించి తింటే భయం లేదు. కాబట్టి పుంటికూర పప్పు ఆపనక్కరలేదు, పచ్చి కొత్తిమీర పైన చల్లుకోవడం మాత్రం కొంతకాలం ఆపవచ్చు. సరిగా ఉడకని మాంసం కూడా ఈ జీవి సోకే ముఖ్యమైన దారులలో ఒకటి. ఆ సంగతిని మరచి పిల్లినొక్కదాన్నే నిందించడం మన ఇళ్లలో మామూలైపోయింది.

పెరటి కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, ఇళ్లు కడుతున్న చోట రోడ్డు పక్కన పోసిన ఇసుక కుప్పలు. పిల్లులకు అవే ఇష్టమైన చోట్లు, సాయంత్రమైతే పిల్లలు ఆడుకునేదీ అక్కడే. టాక్సోకారా అనే నులిపురుగు గుడ్లు పిల్లి మలం నుండి ఆ ఇసుకలో చేరి, పసిపిల్లల నోటి ద్వారా లోపలికి వెళ్తాయి. ఇసుక మీద పట్టా కప్పడం ఇల్లు కట్టించేవారి పని, పిల్లికి నులిపురుగుల మందు వేయించడం పెంచేవారి పని.

మరొక హెచ్చరిక. పిల్లులు రాకుండా మడి చుట్టూ ఫినాయిల్ పోయడం, నాఫ్తలీన్ ఉండలు వేయడం చాలామంది చేస్తారు. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కాళ్లకు అంటింది నాకితే చాలు, విషమవుతుంది. నాఫ్తలీన్ కూడా విషమే. పైగా అవి చేరేది మీరు తినే కూర మొలిచే మట్టిలోకే.

కోర్టు గుమాస్తా కాదు, వకీలునే

చట్టం గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పిల్లి పక్కింటి పెరట్లో మలవిసర్జన చేస్తే యజమానికి ఫలానా శిక్ష అని నేరుగా చెప్పే కేంద్ర చట్టం ఏదీ లేదు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు కూడా ప్రధానంగా వీధికుక్కలను దృష్టిలో పెట్టుకొని రాసినవి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ ప్రజలందరికీ కలిగే ఇబ్బందుల గురించినది. రెండు ఇళ్ల మధ్య తగాదాకు అది సరిపోదు. మీ స్థలాన్ని మీరు సుఖంగా అనుభవించకుండా చేస్తున్నారని సివిల్ దావా వేయవచ్చు. కానీ ఏ పిల్లి ఎవరిది, మలం దేనిది అని రుజువు చేయడానికి మీరు పెట్టే ఖర్చుతో ఏళ్ల తరబడి మార్కెట్‌లో ఆకుకూర కొనుక్కోవచ్చు.

చట్టం గట్టిగా మాట్లాడేది అవతలి వైపు నుండి. మందు పెట్టి చంపడం, గోనెసంచిలో కుక్కి బాధ కలిగేలా మోసుకుపోవడం జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని 11వ సెక్షన్ కింద నేరాలు. ఆ చట్టంలో మొదటి నేరానికి జరిమానా ఇప్పటికీ పది నుండి యాభై రూపాయలే కాబట్టి కొందరు తేలికగా తీసుకుంటారు. కానీ ఇంకొకరు పెంచుకుంటున్న పిల్లిని విషం పెట్టి చంపితే, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ వర్తిస్తుంది. దాని కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పిల్లిని చంపిన పాపం గుడి కట్టినా పోదని మన పెద్దలు అన్నారు, ఇప్పుడు జైలు కూడా తోడైంది.

మాటలతో తెగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు రాసి ఇవ్వండి. కేసు వేయకముందే ఇరుపక్షాలను పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదిర్చే వీలుంది. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

విదేశంలో ఉన్న మిర్యాలగూడ వాసి

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 2022 జూలై 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లులను యజమానులు తమ ఆవరణ దాటనీయకూడదని నియమం ఉంది. మన పట్టణాల్లో కూడా అలాంటిది తేవాలి.

పాలమూరు గృహిణి

మన ఇళ్లకు వెంటిలేటర్లు, మిద్దె మీది మెట్లు, ఎండాకాలమంతా తెరిచి ఉంచే తలుపులు ఉంటాయి నాయనా. ఆ నియమం ఇక్కడ కాగితం దాటదు. అంతేకాక, ఎలుకల కోసం పెంచే పిల్లిని గదిలో పెట్టి తాళం వేస్తే అది పట్టేది ఏమిటి?

బత్తాయి తోట (నల్లగొండ జిల్లా)

వాదన సంగతి మీరు చూసుకోండి, మడి సంగతి నేను చెబుతాను. పిల్లికి కావలసింది పొడిగా, గుల్లగా, గోళ్లకు సులువుగా లేచే మట్టి. విత్తిన వెంటనే మడి మీద కోళ్ల జాలీని పరిచి, అంచుల్లో రాళ్లు పెట్టండి. మొలక జాలీ కన్నుల్లోంచి పైకి వస్తుంది, పిల్లి గోకలేదు. జాలీ కొనలేకపోతే తుమ్మకంప, రేగుకంప ముక్కలు దగ్గర దగ్గరగా పరిచినా సరిపోతుంది, కాకపోతే కలుపు తీసేటప్పుడు మీ చేతులే గీరుకుంటాయి. నీళ్లు పొద్దున కాకుండా పొద్దుగూకే వేళ పెడితే రాత్రికి మట్టి తడిగా ఉండి వాటికి నచ్చదు. అన్నింటికన్నా ముందు, ఇప్పటికే అవి వాడుకున్న చోట మలాన్ని చుట్టూ ఉన్న మట్టితో సహా పారతో ఎత్తి దూరంగా లోతుగా పూడ్చండి, ఎరువు గుంతలో మాత్రం వేయకండి. వాసన మిగిలితే మళ్లీ అదే చోటికి వస్తాయి.

పశువైద్య పట్టభద్రుడు

పై సలహాలు సరైనవే. కానీ ఒక చోట అడ్డుకుంటే పిల్లి మలవిసర్జన మానుకోదు, ఇంకొకరి పెరటికి మారుతుంది. అందువల్ల బాధ్యత మళ్లీ తిండి పెట్టేవారి దగ్గరకే వస్తుందని నా అభిప్రాయం. పిల్లి ఎక్కడ తింటుందో ఆ ఆవరణలోనే, తిండి గిన్నెకు దూరంగా, నీడలో, వాననీరు నిలవని మూలన జానెడు లోతుకు పొడి ఇసుక పోసి ఉంచితే చాలావరకు అక్కడికే అలవాటు పడుతుంది. దానిని రోజూ శుభ్రం చేయాలి. మురికిగా ఉన్న ఇసుకను పిల్లి వదిలేసి మళ్లీ గోడ దూకుతుంది.

ఇసుక ఎంత పోసినా, సంఖ్య పెరుగుతుంటే ఫలితం ఉండదు. ఆడపిల్లి ఐదారు నెలల వయసులోనే ఎదకు రావచ్చు. చూలు కాలం దాదాపు 63 నుండి 65 రోజులు, ఈతకు నాలుగు పిల్లలు సాధారణం, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనవచ్చు. పాలు పోసి పెంచుతూ శస్త్రచికిత్స చేయించని ఇల్లు కొద్దికాలంలోనే వాడ మొత్తానికి పిల్లులను సరఫరా చేస్తుంది. శస్త్రచికిత్స రోజునే రేబిస్ టీకా గురించి కూడా అడగండి. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా మనిషికి టీకా అవసరమవుతుందన్న సంగతి ఇంకా చాలామందికి తెలియదు.

పెరటి మడి (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం పక్కింటివారితో మళ్లీ మాట్లాడతాను. జాలీ ఖర్చు నాది. ఇసుక నేనే తెప్పించి ఇస్తాను, దానిని శుభ్రంగా ఉంచడం వారి పని. ఆడపిల్లులకు శస్త్రచికిత్స వారే చేయించాలి, ఎందుకంటే వాటిని పేర్లు పెట్టి పిలిచేది వారే. దీనికి కూడా ఒప్పుకోకపోతే వకీలుగారు చెప్పిన దరఖాస్తు రాస్తాను.

పాలమూరు గృహిణి

ఇసుకకు నేను కూడా ఒప్పుకుంటాను, రేపే మా ఇంట్లో మొదలుపెడతాను. కానీ శస్త్రచికిత్స విషయంలో మీ లెక్క నాకు అంగీకారం కాదు. మా ఇంట్లో పుట్టినవాటికి నేను చేయిస్తాను. చెత్తకుప్ప దగ్గర పెరిగి, ఆకలికి మా గుమ్మం ముందుకు వచ్చినదానికి ఒక ముద్ద వేసినందుకు దాని శస్త్రచికిత్స భారం కూడా నాదేనంటే, రేపటి నుండి ఎవరూ ముద్ద వేయరు. వాటి ఖర్చు కాలనీ సంఘం చందాలో నుండి రావాలి.

పెరటి మడి (నల్లగొండ)

ఒక రోజు వేసిన ముద్దకు కాదమ్మా, రోజూ వేసే ముద్దకు అంటున్నాను. అయినా సంఘం సమావేశంలో మీ మాట కూడా ముందుంచుతాను. నా వాటా చందా నేను ఇస్తాను. సగానికి మించి మాత్రం ఇవ్వను.