సమస్యాపూరణం: నుదుట లేని వ్రాత నోట చదివె

నిర్వాహకుడు: నిన్న లైనక్స్‌లో పెన్‌డ్రైవ్ పెట్టగానే, ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి) రకం అడగకుండానే మౌంటైంది, అంటే వాడకానికి తెరుచుకుంది. అప్పుడు తట్టిన పాదం ఇది. డిస్కు మీదే పూరించాలి, బ్రహ్మను తేవద్దు.

పాతబైటు:
మొదటి వేయి విడిచి ముద్రకై వెదకుచున్
దాగియున్న యంకె తాను జూచి
కడకు జాతి తెలిసి ఘనముగా కెర్నెలే
నుదుట లేని వ్రాత నోట చదివె

లైనక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మొదటి 1024 బైట్లు వదిలేస్తుంది. దాని ముద్ర, అంటే రకాన్ని గుర్తుపట్టే అంకె, హెక్సాడెసిమల్‌లో 53, ఈఎఫ్ అనే రెండు బైట్లు, 1080 దగ్గర.

కొండగాలి: "ఘనముగా" యతి కోసమే వచ్చింది, పాతబైటు గారూ. మీకిది అలవాటే. పైగా రకం ఇవ్వకపోతే మౌంటు కమాండే లిబ్‌బీఎల్‌కేఐడీ అనే లైబ్రరీతో ముద్రను వెతికించి, తేలిన పేరును కెర్నెల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) చెబుతుంది.

పాతబైటు: ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే రూట్ డిస్కు సంగతి మరిచారు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూటు మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) లేకుండా బూటయ్యేటప్పుడు రకం చెప్పకపోతే, కెర్నెలే తనకు తెలిసినవన్నీ వరసగా ప్రయత్నిస్తుంది. "ఘనముగా" తీయను.

సీతాకోక: బీటీఆర్ఎఫ్ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ మీద నాది.
అరువదైదువేల యారువందలు దాటి
ముద్ర కనబడెనని మురిసిపోయి
మౌంటు కమాండు జాతి మనకిట్లు చెప్పుచు
నుదుట లేని వ్రాత నోట చదివె

కొండగాలి: "కమాండు" దగ్గర గణం తప్పింది. "మౌంటు తానె జాతి" అనండి, సరిపోతుంది. కానీ మొదటి పాదం అద్భుతం! 64 కిలోబైట్ల దగ్గర సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ వివరాలుండే భాగం), అందులో 64 బైట్లు దాటాక ముద్ర, మొత్తం సరిగ్గా 65,600. ఇక నాది:
ఫ్యాటుకున్న పేరు పట్టించుకొనకుండ
క్లస్టరులను లెక్కకట్టి చూసి
పదియునారె యనుచు పట్టుతో డ్రైవరు
నుదుట లేని వ్రాత నోట చదివె

ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌కు మొదట్లో ఉండే బూట్ సెక్టార్‌లో "ఫ్యాట్16" అని రాసి ఉన్నా దాన్ని నమ్మకూడదని మైక్రోసాఫ్ట్ వివరణే చెబుతుంది. క్లస్టర్లు (ఫైళ్లకు కేటాయించే ముక్కలు) 4085 కంటే తక్కువైతే ఫ్యాట్12, 65,525 కంటే తక్కువైతే ఫ్యాట్16, ఆపైన ఫ్యాట్32. నమ్మదగిన వ్రాత నుదుటే కాదు, ఎక్కడా లేదు.

నిర్వాహకుడు: "పట్టించుకొనకుండ" ఒక్క మాటే చివరి రెండు గణాలూ నింపి, యతిని కూడా మోసింది. నాకు ఇదే నచ్చింది.

పాతబైటు: పూరణ బాగుంది. కానీ పోయినసారి పార్టిషన్ (డిస్కు విభాగం) కోడ్ 07 కనిపిస్తే విండోస్ ఫైల్‌సిస్టమ్ ఎన్టీఎఫ్ఎస్సే అని పద్యం కట్టింది మీరే. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో రకానికీ అదే కోడ్. అది ఇంకా దిద్దలేదు.

కొండగాలి: ఆ సమస్య పార్టిషన్ పట్టిక మీద ఇచ్చింది. మౌంటు ఆ కోడ్‌ను చూడదని ఆ పద్యం కింద రాశాను, మళ్లీ చదవండి.

సీతాకోక: ఒకే డిస్కులో రెండు ముద్రలు మిగిలిపోతే?

కొండగాలి: లిబ్‌బీఎల్‌కేఐడీ ఏదీ తేల్చదు, మౌంటు ఆగిపోతుంది. ముద్రలు చెరిపే వైప్‌ఎఫ్ఎస్ కమాండుకు ఆప్షన్లేవీ ఇవ్వకుండా డిస్కు పేరు మాత్రం ఇస్తే ముద్రలన్నీ చూపిస్తుంది, చెరపదు.

పాతబైటు: రెండు ముద్రల మీద నేను మొదలుపెట్టాను, ఎవరూ ముట్టుకోవద్దు.