స్థలం అమ్ముడైతే 72 లక్షలు, ఇప్పుడైతే 67: ఎవరికివ్వాలి?

సీతమ్మధార ఫ్లాట్:
మా డబుల్ బెడ్‌రూమ్ అమ్మకానికి పెట్టి మూడు నెలలైంది, ఇద్దరు తేలారు. ఒకాయన 72 లక్షలు ఇస్తానంటున్నాడు, కానీ ముందు ఆనందపురం వైపున్న తన స్థలం అమ్ముడుపోవాలట, ఆపైన లోన్ రావాలట, అప్పుడే రిజిస్ట్రేషన్. ప్రస్తుతానికి 2 లక్షలు అడ్వాన్స్, అదీ క్యాష్. ఇంకో జంట 67 దగ్గర ఆగిపోయారు, బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్ చేతిలో ఉంది, నెలన్నరలో ముగిద్దామంటున్నారు. మధురవాడలో బుక్ చేసిన ఇంటికి మేం వాయిదా కట్టాలి. మా ఆవిడ 67కే ఇచ్చేద్దామంటోంది, నాకేమో ఐదు లక్షలు వదులుకోబుద్ధి కావట్లేదు. ఒకటే టెన్షన్.

రిటైర్డ్ బ్యాంకు మనిషి:
సార్, ఆయన జేబులోంచి ఎంత రావాలో లెక్కేయండి. 30 నుంచి 75 లక్షల లోన్‌కి బ్యాంకు ఆస్తి విలువలో 80 శాతం దాటి ఇవ్వదు, అంటే 14.40 లక్షలు ఆయనవి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి మన దగ్గర 7.5 శాతం, అదింకో 5.40. దగ్గర దగ్గర 20 లక్షలు. అంటే మీకు ముఖమైనా తెలియని ఎవరో ఆ స్థలం కొంటే గానీ మీ పని జరగదు. దానికి వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందేమో అడగండి. లేకపోతే కొనేవాడికి లోన్ దొరకడం కష్టం, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం.

అలాగని శాంక్షన్ లెటర్ చూసి మురిసిపోకండి. అది చాలాసార్లు జీతం చూసి ఇచ్చేదే. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) బ్యాంకు లాయరు చూడాలి, ఇంజినీరు కట్టే విలువ 67కి తగ్గితే లోనూ తగ్గుతుంది.

గాజువాక అక్క:
తమ్ముడూ, 72 ఆయనకే ఇచ్చేటట్టయితే అగ్రిమెంటులో తేదీ రాయించు. మేం రాయించలేదు, ఏడు నెలలు ఇరుక్కున్నాం, అడ్వాన్స్ తిరిగిస్తామన్నా మా దగ్గర కొనేవాడు తీసుకోకుండా కోర్టుకెళ్తానని బెదిరించాడు. ఒప్పందాలు అమలు చేయించే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత అలాంటి కేసుల్లో కొనేవాడి చెయ్యి ఇంకా పైనే ఉందని లాయరు చెప్పాడు. 45 రోజుల్లో స్థలం అమ్ముడుపోకపోతే అగ్రిమెంట్ రద్దు, ఈలోగా వేరేవాళ్లు వస్తే వారంలో ఆయన స్థలం అమ్ముడుపోవాలన్న షరతు వదులుకోవాలి, లేదా తప్పుకోవాలి, ఇంతే రాయించు. ఆ క్యాష్ మాత్రం ముట్టుకోకు. ఇంటి అడ్వాన్స్ 20,000 గానీ ఆపైన గానీ నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడుతుంది.

సీతమ్మధార ఫ్లాట్:
అడిగాను. అప్రూవల్ లేదు, తేదీ రాయడానికీ ఒప్పుకోలేదు. 67 వాళ్లను 69 అడిగితే 68 దాకా వచ్చారు. మా ఆవిడకింకా చెప్పలేదు, ముందే చెప్పానుగా అంటుంది.