మన్నార్ సముద్రంలో గాలిమరలు: కావాలా, వద్దా?

వేళచ్చేరి వాసి:
తమిళనాడు సముద్రంలో 500 మెగావాట్లు, గుజరాత్‌లో మరో 500 మెగావాట్ల గాలిమరలకు 2024 జూన్‌లో కేంద్రం సరేనంది. సాయం 7,453 కోట్లు, అందులో 600 కోట్లు రెండు రేవులను బాగుచేయడానికి. దండగ ఖర్చని మా ఆఫీసులో అంటున్నారు. నేను కావాలంటాను. బొగ్గు కరెంటు ఏం చేసిందో చెన్నై పక్కన ఎన్నూరు క్రీక్ దగ్గర నిలబడి చూడండి.

కాసిమేడు అమ్మాయి:
అన్నా, ఆ క్రీక్‌లో మా మేనమామ చేత్తో తడిమి రొయ్యలు పట్టేవాడు. ఇప్పుడు చెయ్యి పెడితే మోచేతి దాకా బూడిదే. బొగ్గు మీద నాకేం ప్రేమ లేదు. కానీ మీరు మరలు పెట్టమంటున్నది మన్నార్ సింధుశాఖలో. 21 దీవులు, పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి, ఆ గడ్డి మేసి బతికే సముద్రపు ఆవులు ఉన్న చోటు. 1986లోనే నేషనల్ పార్క్ చేశారు. సముద్రం అడుగున స్తంభాలు దిగ్గొట్టే చప్పుడుకి యూరప్‌లోని ఉత్తర సముద్రంలో డాల్ఫిన్‌ల లాంటి పోర్పస్‌లు కిలోమీటర్ల దూరం పారిపోయాయి. జర్మనీలో చప్పుడు తగ్గించడానికి స్తంభం చుట్టూ గాలి బుడగల తెర కడతారు. ఇక్కడా అది తప్పనిసరి చెయ్యాలి.

పళ్లికరణై ఇంజనీరు:
బుడగల తెర మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఖర్చు సంగతి చెప్తాను. 1991లో కేరళ విళింజంలో అలలతో కరెంటు తీసే 150 కిలోవాట్ల ప్లాంటు పెట్టాం. అదే ఏడాది డెన్మార్క్ విండెబి దగ్గర సముద్రంలో 11 గాలిమరలతో మొదలెట్టింది. వాళ్లు ఆపలేదు, అందుకే వాళ్లకి ఖర్చు దిగింది. మనం ఒక్కటి కట్టి వదిలేశాం. మొదటి మరలకు సాయం లేకపోతే మనకెప్పటికీ దిగదు. ఇంకోటి చెల్లెమ్మా, స్తంభాల మొదట్లో ఆల్చిప్పలు పట్టి చేపలు చేరతాయి. అమెరికాలో బ్లాక్ ఐలాండ్ మరల దగ్గరికి జనం వేటకి పోతున్నారు.

కాసిమేడు అమ్మాయి:
వాళ్లది గాలం అన్నా, మనది వల. అది స్తంభానికో కేబుల్‌కో తగులుకుంటే కోసుకుని రావాల్సిందే. మా నాన్న దగ్గర ఉప్పునీటికి ఉబ్బిన నోటుబుక్కు ఉంది, పార, అంటే సముద్రం అడుగున చేపలు చేరే రాతి దిబ్బ, ఎక్కడుందో జీపీఎస్ నంబర్లు రాసుకున్నది. తూత్తుకుడి వైపు ప్రతి పడవలోనూ అలాంటిది ఉంటుంది. మ్యాపు మీద గీత గీసే ముందు వాటిని తెప్పించుకుని చూడాలి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపితే సర్కారు డబ్బిస్తోంది కదా. మరలు కట్టే నెలలకీ అలాగే లెక్కగట్టి, మొదటి స్తంభం దిగకముందే రాసివ్వాలి. అప్పుడు నేనూ కావాలంటాను.