‘క్యాస్టలేటెడ్’ అంటే కోట ఉన్నట్టా?

ఒక పాత ఇంగ్లిష్ బంగళా వర్ణనను తెలుగు చేస్తున్నాను. ఇంటి పైభాగానికి ‘క్యాస్టలేటెడ్’ అనే విశేషణం వాడారు. ‘కోట గోడ’ అని రాసేశాను. కానీ ఆ ఇల్లు చూస్తే రెండంతస్తులే. తప్పు చేశానంటారా?

— తప్పేనండీ. కోట గోడ అనగానే కందకం, ఫిరంగులు గుర్తొస్తాయి. ఈ మాట ఇక్కడ చెప్పేది గోడ పైఅంచు సంగతి: ఒక దిమ్మె, ఒక సందు, మళ్ళీ దిమ్మె, మళ్ళీ సందు. విలుకాడు దిమ్మె చాటున నక్కి సందులోంచి బాణం వేసేవాడు. ఆ సందు పేరు క్రెనెల్; ‘క్రెనెలేటెడ్’ అందులోంచే వచ్చింది. అది పళ్ళ అంచు వరకే పరిమితం. ‘క్యాస్టలేటెడ్’ కొంచెం విశాలం, బురుజులు కూడా పెట్టి మొత్తంగా కోట వేషం కట్టిన ఇంటికీ చెల్లుతుంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో శత్రుభయమేమీ లేకపోయినా సంపన్నులు సరదాకి ఇలా కట్టించుకున్నారు. అంతకుముందు, మధ్యయుగాల్లో, గోడకి ఈ పళ్ళు పెట్టుకోవడానికి రాజుగారి అనుమతిపత్రాలు ఇచ్చేవారు!

లాటిన్‌లో కాస్ట్రం అంటే కోట, కాస్టెల్లం చిన్న కోట. ‘క్యాస్టలేటెడ్’ ఇందులోంచే వచ్చింది. ఇంగ్లిష్‌లో కోటనే చెప్పే కాసిల్ (castle) మాటలో పలకని ‘ట’ ఇక్కడ పలుకుతుంది, గమనించండి.

మనకి ‘కోటకొమ్మలు’ అనే చక్కటి మాట ఉండనే ఉంది. కొమ్మ అంటే స్త్రీ కూడా కాబట్టి కవులకి శ్లేష పండగే. సంస్కృతంలో కపిశీర్షం, కోతి తల. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కనిపిస్తుంది.

— మెకానిక్కులం, మాకు ‘కాజిల్ నట్టు’ తెలుసు. తల మీద గాట్లుంటాయి. గాట్లోంచి, బోల్టు రంధ్రంలోంచి స్ప్లిట్ పిన్ను దూర్చి కాళ్ళు వంచేస్తే నట్టు తిరిగి ఊడదు. దాన్నీ కోటకొమ్మల నట్టు అనాలా?

— వద్దండీ బాబూ, ‘గాట్ల నట్టు’ చాలు. అక్కడ కోట పోయి పళ్ళే మిగిలాయి. క్యాస్టలేటెడ్ బీము ఇంకా తమాషా. ఉక్కు దూలాన్ని నడిమికి వంకరటింకరగా కోస్తే రెండు ముక్కలకీ కోటపళ్ళు వస్తాయి. పంటికి పన్ను ఆనించి వెల్డింగ్ చేస్తే ఆరు పలకల కంతలు మిగులుతాయి, దూలం ఎత్తు పెరుగుతుంది. చివరికి చూసేవాడికి తేనెపట్టే కనిపిస్తుంది, కోట ఎక్కడా ఉండదు.

— అయితే నా వాక్యంలో ‘కోటకొమ్మలు తీర్చిన పిట్టగోడ’ అని మార్చేస్తున్నాను.

— పిట్టగోడ బాగా కుదిరింది. ‘తీర్చిన’ అవసరమా? ‘కోటకొమ్మల పిట్టగోడ’ అన్నా సరిపోతుంది.